ఏజెంటు పాఠకుడైనపుడు: పరీక్షా నిర్వహణ సాధనముల వివరణ పత్రముల గుణనిర్ణయము

1. విషయ ప్రవేశము

ఢిల్లీకి తూర్పున, ఘజియాబాదు జిల్లాలో, నోయిడా 62వ సెక్టారునకు సమీపమున ఇందిరాపురము గలదు. అది ప్రధానముగా నివాసస్థలము. అచ్చటి ఎత్తయిన భవనములలో నివసించువారిలో నోయిడాలోని సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఉద్యోగము చేయువారు అనేకులు. వారిలో తెలుగువారును ఉన్నారు. ఈ ఉద్యోగులలో ఒక వర్గము పరీక్షకులది. సాఫ్ట్‌వేరు ప్రజల చేతికి పోవుటకు ముందు అది అనుకొన్నట్లు పనిచేయుచున్నదో లేదో చూచి, చూచినదానిని నమోదుచేసి, విడుదలకు సమ్మతి తెలుపువారు వీరు. బ్యాంకు లావాదేవీ, రైలు టిక్కెట్టు, భూమి దస్తావేజు మున్నగువానికి సంబంధించిన తెరలు సరిగా నడచునని ప్రజలు నమ్ముట, తుదకు ఆ నమోదు నిజమగుటపై ఆధారపడియున్నది.

ఈ నమోదునకు ఉపకరించు సాఫ్ట్‌వేరునే టెస్ట్ మేనేజ్‌మెంట్ సాధనమందురు. ఏమి పరీక్షింపవలెను, ఏ క్రమమున పరీక్షింపవలెను, ఏ ఫలితము రావలెను అను వివరములు గల "టెస్ట్ కేసులు" అందులో భద్రపఱుపబడును. పరీక్ష జరిగిన పిమ్మట "పాస్", "ఫెయిల్", "బ్లాక్డ్" మున్నగు ఫలితములు వానికి చేర్పబడును. ఇటీవలివఱకు ఈ పనిని మనుష్యులు గాని, మనుష్యులు ముందుగా వ్రాసియుంచిన ప్రోగ్రాములు గాని చేయుచుండెడివి. ఇప్పుడు ఏఐ ఏజెంటు అను మూడవ కర్త ప్రవేశించినది. మామూలు భాషలో ఇచ్చిన ఆజ్ఞను గ్రహించి, సాధనము యొక్క వివరణ పత్రములను చదివి, ఏ మెట్టు తరువాత ఏ మెట్టో తానే నిశ్చయించుకొని, ఆ సాధనములో మార్పులు చేయు ప్రోగ్రామునకు ఏజెంటని పేరు.

అందుచేత వివరణ పత్రములకు, అనగా వ్యవహారములో "డాక్యుమెంటేషను" అనబడు దానికి, ఒక క్రొత్త పాఠకుడు ఏర్పడినాడు. ఈ పాఠకుని దృష్టితో ఏ డాక్యుమెంటేషను మంచిది, ఏది కాదు, దానిని నిర్ణయించు విధమేది అనునది ఇచ్చటి ప్రశ్న. ఇది యంత్రశాస్త్రజ్ఞుల ప్రశ్నగా తోచినను నిజమునకు వాక్యార్థ విచారమే. శాస్త్రమును ఎట్లు వ్రాయవలెను, ఎట్లు చదువవలెను అను విషయమును భారతీయ శాస్త్రకారులు ప్రత్యేకముగా విచారించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రము 15వ అధికరణమున 32 తంత్రయుక్తులను పేర్కొన్నది. చరకసంహిత 36 యుక్తులను చెప్పినది. తమిళమున తొల్కాప్పియము మరబియల్ అను భాగములో 32 "ఉత్తులు" గలవు. ఆ పరిభాష ఈ క్రొత్త ప్రశ్నకు ఎంతవఱకు ఉపకరించునో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

2. రెండు విధములైన పత్రములు, ఇద్దఱు పాఠకులు

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. పరీక్షకులు తాము వ్రాయు పత్రములు వేఱు. సాధనమును గూర్చి దాని నిర్మాతలు వ్రాయు పత్రములు వేఱు. మొదటివానికి ప్రమాణములు చిరకాలముగా ఉన్నవి. 1983లో వెలువడిన ఐఈఈఈ 829 పరీక్షా పత్రముల స్వరూపమును నిర్దేశించినది. 2013లో వెలువడిన ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29119 ప్రమాణము యొక్క మూడవ భాగము దాని స్థానమును ఆక్రమించినది. రెండవవి సాధనమును వాడు విధమును బోధించునవి. ఇచ్చట విచారింపబడునవి ఈ రెండవవే.

ఈ రెండవ తరగతి పత్రములు మానవ పాఠకుని ఉద్దేశించి వ్రాయబడినవి. మానవుడు తెరను చూచును. బొత్తాము ఎఱ్ఱగా నున్న జాగ్రత్తపడును. సందేహము కలిగిన ప్రక్క బల్లవానిని అడుగును. క్రొత్తగా చేరిన ఉద్యోగికి సంస్థలోని వాడుక కొన్ని దినములలో పట్టుబడును. వ్రాయబడని ఈ ఎఱుక వ్రాతలోని కొఱతను కప్పిపుచ్చును.

ఏజెంటునకు ఈ పరిసరము లేదు. దాని ముందున్నది పాఠ్యము మాత్రమే. పాఠ్యములో లేనిదానిని అది పూరింపదని కాదు. పూరించును, అదియే చిక్కు. తాను పూర్వము అభ్యసించిన అపారమైన వాఙ్మయమునుండి "ఇట్టిచోట సాధారణముగా ఇట్లుండును" అను ఊహను తెచ్చి పెట్టును. ఊహ సరియైనచో డాక్యుమెంటేషనులోని లోపము బయటపడదు. ఊహ తప్పినచో, వాక్యము సుబోధముగానే, పని పూర్తియైనట్లుగానే కనబడును; నమోదు మాత్రము అసత్యమగును. కావున గుణనిర్ణయములో మొదటి ప్రశ్న ఇది: ఈ పత్రము పాఠకుని ఊహకు ఏమి విడిచినది? ఆ ఊహ తప్పిన ఆ తప్పు కంటికి కనబడునా?

కౌటిల్యుని పట్టికలో కడపటి యుక్తి "ఊహ్యము". చెప్పబడనిదానిని పాఠకుడు తెలివితో ఊహించి చేసికొనవలెనని దాని అర్థము. మంత్రాంగములో ఊహ్యమునకు చోటు కలదు. సాధనమునకు ఇచ్చు ఆదేశములో ఎంత చోటున్నదో చూడవలసియున్నది.

3. సంజ్ఞలు

చిన్నయసూరి బాలవ్యాకరణము సంజ్ఞా పరిచ్ఛేదముతో మొదలగును. పరుషములు, సరళములు, స్థిరములు అను పేర్లకు అర్థము ముందు స్థిరపడిన గాని సంధిసూత్రములు చెప్పుటకు వీలులేదు. లోకమున "సరళము" అనగా సులభమైనది. వ్యాకరణమున గ, జ, డ, ద, బలు. రెండవ అర్థము స్వసంజ్ఞ. శాస్త్రకారుడు చెప్పిననే తప్ప తెలియదు. తంత్రయుక్తులలో "స్వసంజ్ఞ"కు ప్రత్యేక స్థానముండుటకు కారణమిదియే.

పరీక్షా నిర్వహణ సాధనములలో బహుళ వ్యాప్తి గల టెస్ట్‌రెయిల్ ఇందుకు చక్కని ఉదాహరణము. అందులో "కేసు" వేఱు, "టెస్ట్" వేఱు. కేసు మూలరూపము, అది భాండారములో నుండును. ఒక "టెస్ట్ రన్" ప్రారంభించినపుడు, అందులో చేరిన ప్రతి కేసునకును ఒక టెస్ట్ పుట్టును. ఫలితములు అంటుకొనునది ఈ టెస్టునకు. రెంటికిని సంఖ్యలు వేఱువేఱు. టెస్ట్ అనగా కేసు యొక్క ఒక ప్రయోగరూపమని ఆ సాధనపు డాక్యుమెంటేషను వివరించుచున్నది. అట్లు వివరించుట దాని గుణము. వాడుకలో మాత్రము పరీక్షకులు ఈ రెండు పదములను ఒకదానికి బదులు ఒకటి వాడుదురు. "412వ టెస్టుకు పాస్ అని వ్రాయుము" అని ఒకరు ఆజ్ఞాపించి, తమ మనసులో 412వ కేసును ఉద్దేశించినచో, ఏజెంటు వేఱొక రన్నులోని వేఱొక టెస్టుపై ఫలితమును వ్రాయవచ్చును. సంఖ్య చెల్లునదే గనుక సాధనము దోషమును చూపదు. సంజ్ఞాభేదమును పరిచయ పుటలో మాత్రమే చెప్పిన చాలదు. సంఖ్యను కోరు ప్రతి ఆదేశము దగ్గఱను "ఇది కేసు సంఖ్య", "ఇది టెస్టు సంఖ్య" అని చెప్పవలెను.

అదే సాధనమున ఫలితములకు అంకెలున్నవి: 1 పాస్, 2 బ్లాక్డ్, 3 అన్‌టెస్టెడ్, 4 రీటెస్ట్, 5 ఫెయిల్. క్రొత్త ఫలితము చేర్చునపుడు 3 చెల్లదు. ఈ క్రమమును ఎవరును ఊహింప జాలరు. పాస్ 1 అయినచో ఫెయిల్ 2 అని తలచుట సహజము. అట్లు తలచినవాడు విఫలమైన పరీక్షను ఆటంకితమని నమోదుచేయును. ఇట్టి పట్టిక లేని డాక్యుమెంటేషను ఎంత విస్తృతమైనను అసంపూర్ణమే.

మఱొక సంజ్ఞ "సాఫ్ట్". సాఫ్ట్‌వేర్ వ్యవహారములో "సాఫ్ట్ డిలీట్" అనగా దత్తాంశమును కంటికి కనబడకుండ చేసి, తిరిగి తెచ్చుకొనుటకు వీలుగా ఉంచుట. టెస్ట్‌రెయిల్ తొలగింపు ఆదేశములలోని "సాఫ్ట్" అను అంశమునకు 1 అని ఇచ్చినచో ఏమియు తొలగింపబడదు; తొలగించిన ఎన్ని టెస్టులు ప్రభావితమగునో లెక్క మాత్రము తెలియును. ఆ అంశమును విడిచినచో తొలగింపు నిజముగా జరుగును. రూఢ్యర్థమును బట్టి పోవు పాఠకునకు ఇచ్చట స్వసంజ్ఞ ఎదురగుచున్నది. ఇట్టిచోట నిర్వచన మొక్కటి చాలదు, నిషేధరూపమైన వాక్యము కూడ కావలెను: "ఇది దాచియుంచు తొలగింపు కాదు."

4. ఊహ్యమునకు ఒక సాక్ష్యము

టెస్ట్‌లింక్ అనునది స్వేచ్ఛగా లభించు మఱొక పరీక్షా నిర్వహణ సాధనము. బయటి ప్రోగ్రాములు దానికి ఫలితములను పంపుటకు ఒక ఆదేశము గలదు. ఆ ఆదేశమునకు టెస్ట్ ప్లాను, టెస్ట్ కేసు, ఫలితము అను అంశములు కావలెను. ఫలితమును "పి", "ఎఫ్", "బి" అను ఆంగ్లాక్షరములతో తెలుపవలెను. వీనితోపాటు "గెస్", అనగా "ఊహింపుము", అను ఐచ్ఛికాంశము గలదు. దానిని గూర్చి ఏమియు చెప్పనిచో అది "ఔను" అనియే భావింపబడును. ఏ బిల్డునకు చెందిన ఫలితమో పంపినవారు చెప్పనిచో, ఆ ప్లానులోని కడపటి బిల్డునకు చెందినదిగా సాధనము తానే ఊహించుకొనును.

బిల్డ్ అనగా సాఫ్ట్‌వేరు యొక్క ఒక నిర్దిష్ట నిర్మాణము. సోమవారము నాటి బిల్డులో పని చేసినది మంగళవారము నాటి బిల్డులో చెడవచ్చును. కావున ఫలితమునకు బిల్డు ప్రాణము వంటిది. మానవ పరీక్షకుడు సాధారణముగా కడపటి బిల్డునే పరీక్షించును గనుక ఈ ఊహ అతనికి సౌకర్యము. ఏజెంటు పాత బిల్డును పరీక్షించుచుండగా క్రొత్త బిల్డు చేరినచో, పాతదాని ఫలితము క్రొత్తదాని పేర నమోదగును. ఎవరును పరీక్షింపని బిల్డునకు "పాస్" అను ముద్ర పడును. ఇందులో సాధనము చేసిన పొరపాటు లేదు. అది చెప్పినట్లే నడచినది. ఏజెంటు కూడ తనకు తప్పనిసరి అని చెప్పినవన్నియు ఇచ్చినది. లోపము "ఐచ్ఛికము" అను పదమునకు రెండు అర్థములుండుటలో ఉన్నది: ఇవ్వకపోయినను ఆదేశము నడచునని ఒకటి, ఇవ్వకపోయినను ఫలితము మాఱదని మఱొకటి. డాక్యుమెంటేషను మొదటి అర్థమున ఆ పదమును వాడును. పాఠకుడు రెండవ అర్థమును గ్రహించును.

అదే ఆదేశమున "ఓవర్‌రైట్" అను అంశము కూడ గలదు. దానిని కోరినచో అదే కేసు, అదే ప్లాను, అదే బిల్డునకు ముందుగా ఉన్న కడపటి ఫలితము చెఱిపివేయబడి క్రొత్తది వ్రాయబడును. ఇదియును ఐచ్ఛికమే. ఒకటి విడిచిన ప్రమాదము, ఒకటి చేర్చిన ప్రమాదము. రెంటిని ఒకే పట్టికలో ఒకే పేరుతో చూపినచో పాఠకునకు భేదము తెలియదు. కావున ప్రతి ఐచ్ఛికాంశమునకును మూడు సంగతులు వ్రాయబడియున్నవా అని పరిశీలింపవలెను: విడిచిన సాధనము గ్రహించు విలువ యేది, ఆ విలువచేత నమోదు ఎట్లు మాఱును, ఆ మార్పు పిమ్మట కనబడునా.

5. సన్నిధి, అనువృత్తి

శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కారణములని నైయాయికులు చెప్పిరి. పదములు ఒకదానికొకటి కావలసియుండవలెను, అర్థము పొసగవలెను, పదములు దగ్గఱగా ఉచ్చరింపబడవలెను. ఉదయము "ఆవును" అని, సాయంకాలము "తోలుము" అన్నచో వాక్యార్థము కలుగదు.

సన్నిధి యొక్క ఈ నియమము ఏజెంటు విషయమున అక్షరాల వర్తించును. పెద్ద డాక్యుమెంటేషనును ఏజెంటు సాధారణముగా ఆద్యంతము చదువదు. ఆ పాఠ్యమును ముందుగా ఖండములుగా విభజించియుంచి, ప్రశ్నకు దగ్గఱగా కనబడు కొన్ని ఖండములను మాత్రమే ఏజెంటునకు అందించు పద్ధతి విరివిగా నున్నది. పుట శిరోభాగమున "ఈ పుటలోని ఆదేశములన్నిటికిని నిర్వాహకుని అనుమతి కావలెను" అని ఒక్కసారి వ్రాసి, క్రింద ఇరువది ఆదేశములను వివరించినచో, పదునేడవ ఆదేశము గల ఖండమునకు ఆ మాట అందదు.

పాణినీయమున అనువృత్తి కలదు. ముందు సూత్రములోని పదము తరువాతి సూత్రములకు ప్రవహించును. అధికార సూత్రము ఒక ప్రకరణమంతటిని ఏలును. అష్టాధ్యాయిని క్రమమున కంఠస్థము చేసినవానికి ఇది లాఘవము. ఒక్క సూత్రమును విడిగా తీసి చూచువానికి అది అసంపూర్ణ వాక్యము. సాధనముల డాక్యుమెంటేషనులో అనువృత్తి నిండియున్నది: "పైని చెప్పినట్లు", "అట్లే", "మిగిలినవి పూర్వమువలెనే". ఏజెంటునకై వ్రాయునపుడు ప్రతి ఆదేశపు వివరణయును విడిగా తీసినను నిలువవలెను. అర్ధమాత్ర తగ్గినను పుత్రోత్సవముగా భావించు వైయాకరణుని లాఘవము ఇచ్చట గుణము కాదు.

2024 సెప్టెంబరులో జెరెమీ హోవర్డ్ ప్రతిపాదించిన "ఎల్ఎల్ఎమ్స్.టీఎక్స్‌టీ" అను పద్ధతి ఈ కొఱతకు ఒక సమాధానము. ఒక స్థలములోని ముఖ్య పత్రముల పట్టికను, యంత్రము చదువుటకు అనువైన సాదా పాఠ్యముగా, ఒకే నిర్ణీతమైన పేరుతో ఉంచుట దాని సారాంశము. ఇది ఉద్దేశ నిర్దేశములలో "ఉద్దేశము" వంటిది, అనగా విషయముల నామమాత్ర కథనము. అది దారి చూపునే గాని, దారి చివరనున్న పుట సరిగా లేనిచో దానిని బాగుచేయదు.

సన్నిధికి కాలసంబంధమైన రూపము కూడ ఒకటి గలదు. టెస్ట్‌రెయిల్ 6.7 సంచికనుండి పెద్ద జాబితాలను కోరు ఆదేశములు ఒక పర్యాయమునకు 250 అంశములకు మించి ఇయ్యవు. మిగిలినవానికై మరల అడుగవలెను. అంతకుముందు వ్రాయబడిన ఉదాహరణములు ఇంకను లోకములో తిరుగుచున్నవి. ఏజెంటు అభ్యసించిన పాఠ్యములో అవి ఉండవచ్చును. వానిని అనుసరించినచో 900 కేసులు గల జాబితాలో 250 మాత్రమే చూచి, "అన్నియు పరిశీలింపబడినవి" అని నివేదించుట సంభవము. ప్రతి పుటయందును అది ఏ సంచికకు వర్తించునో ఉండుట, మాఱినదానిని మాఱినచోటనే చెప్పుట, డాక్యుమెంటేషనులో తప్పనిసరి గుణములు.

6. విధి, వికల్పము, అర్థవాదము

మీమాంసకులు వేదవాక్యములలో విధిని, నిషేధమును, అర్థవాదమును వేఱుచేసిరి. అర్థవాదము ప్రశంసించి ప్రవృత్తిని కలిగించును; అదియే విధి కాదు. సాధనముల డాక్యుమెంటేషనులో అర్థవాదమునకు కొదువలేదు. "క్షణములో మీ పరీక్షలన్నియు సమకూర్చబడును" అను వాక్యము మానవునకు ప్రకటనగా తెలియును. ఏజెంటు దానిని సాధనశక్తిని తెలుపు వాక్యముగా గ్రహించి, లేని ఆదేశమును ఉన్నదనుకొనవచ్చును. ప్రశంసను ఒక పుటకు, విధిని మఱొక పుటకు పరిమితము చేయుట మేలు.

విధులలో కూడ బలాబలములున్నవి. అంతర్జాల ప్రమాణములు వ్రాయువారికై 1997లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2119 అను పత్రము "మస్ట్", "షుడ్", "మే" అను ఆంగ్లపదములకు నియతార్థములు కల్పించినది. మొదటిది తప్పనిసరి, రెండవది, తగిన కారణముండి పర్యవసానమును ఎఱిగిననే తప్ప విడువరానిది, మూడవది యథేష్టము. బాలవ్యాకరణమునందలి "బహుళము" ఇట్టి నియమనమునకు మన ఉదాహరణము. నిత్యముగా జరుగుట, వికల్పముగా జరుగుట, జరుగకుండుట, వేఱొక విధముగా జరుగుట అను నాలుగర్థములు ఆ ఒక్క పదమున ఇమిడియున్నవి. ఎచ్చట ఏ అర్థమో ప్రయోగములు చూచినవానికే తెలియును. ప్రయోగము చూడని పాఠకునకు బహుళము వంటి పదము చెప్పినను చెప్పనట్లే. "సాధారణముగా", "అవసరమైనచో", "కొన్ని సందర్భములలో" అను మాటలు డాక్యుమెంటేషనులోని బహుళములు. వాని సంఖ్యను లెక్కించి, ఒక్కొక్కదానికి సందర్భమును అడుగుట గుణనిర్ణయములో సులభమైన మొదటి పని.

ఈ దిశలో యంత్రములకే ఉద్దేశింపబడిన ఒక ప్రయత్నమును పేర్కొనవలెను. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన "మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్" ద్వారా సాధనము తన ఆదేశములను ఏజెంటునకు పేరు, వివరణము, కావలసిన అంశముల ఆకృతి అను రూపమున తెలుపుకొనును. 2025లో దానికి కొన్ని సూచికలు చేర్పబడినవి. ఆదేశము చూచుటకు మాత్రమేనా, నాశకరమా అని వానిచే తెలుపవచ్చును. ఏమియు తెలుపనిచో, మార్పుచేయు ఆదేశము నాశకరము కావచ్చునని భావించుట దానిలోని నియమము. టెస్ట్‌లింక్ "గెస్" అంశము మౌనమును సమ్మతిగా గ్రహించినది. ఇది మౌనమును హెచ్చరికగా గ్రహించుచున్నది. అయితే ఈ సూచికలు సూచనలే గాని ప్రమాణములు కావనియు, నమ్మదగని చోటునుండి వచ్చినవానిని విశ్వసింపరాదనియు ఆ ప్రోటోకాలే చెప్పుచున్నది. వివరణములోని వాక్యము నిజమగుట ఇంకను వ్రాసినవాని బాధ్యతయే.

7. తెలుగు పాఠ్యమును పరీక్షించునపుడు

భారతీయ భాషా పండితులకు దగ్గఱదైన అంశము ఒకటి ఇచ్చట విశేషముగా చెప్పదగును. తెలుగు తెరలను పరీక్షించుటకు వ్రాసిన కేసులలో తెలుగు పాఠ్యమే ఉండును: "ఈ బొత్తాముపై ఈ మాట కనబడవలెను" అని. సాధనము ఆ పాఠ్యమును ఎట్లు భద్రపఱచును, ఎట్లు పోల్చును అనునది డాక్యుమెంటేషను చెప్పవలసిన సంగతి.

"పరీక్ష" అను పదమును తీసికొందము. తెలుగువారి లెక్కకు అందులో మూడక్షరములు. యూనికోడ్ లెక్కకు ఆఱు సంకేతములు: ప, ర, ఈకారచిహ్నము, క, పొల్లు, ష. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు గనుక అదే పదము 18 బైట్లు. శీర్షికకు 250 "క్యారెక్టర్ల" పరిమితి అని వ్రాసినచో, అది ఈ మూడు లెక్కలలో దేనికి చెందినది? ఆంగ్ల పాఠ్యమున మూడును ఒకటే గనుక వ్రాసినవారికి ప్రశ్నయే తోచదు. తెలుగున బైట్లే లెక్కయైనచో శీర్షిక 83 సంకేతములకే ముగిసిపోవును. అంతకు మించినది తెగిన పొల్లుతోనో ఒత్తుతోనో మిగులును. మిగిలిన ఖండిత పాఠ్యముతో పోల్చి ఏజెంటు "ఫెయిల్" అని వ్రాసిన ఆ దోషము తెరదని అందఱు తలతురు.

ఐత్వము మఱొక చిక్కు. యూనికోడ్‌లో ఐకారచిహ్నమునకు ఒకే సంకేతము గలదు. ఎకారచిహ్నమును, దానివెంట ఐత్వపు క్రింది చిహ్నమును వరుసగా ఉంచినను అది దానికి సమానమని ప్రమాణము చెప్పుచున్నది. కంటికి రెండును ఒకటే. సంకేతములను మాత్రమే పోల్చు సాధనమునకు అవి భిన్నములు. "సాఫ్ట్‌వేర్" అను పదములో ట్, వే అనువాని నడుమ కనబడని విభాజక సంకేతము ఉండుటయు, ఉండకుండుటయు కలదు. లేనిచో "ట్వే" అని సంయుక్తమగును. పోల్చుటకు ముందు సాధనము పాఠ్యమును సమీకరించునా, విభాజకమును నిలుపునా, తొలగించునా అని డాక్యుమెంటేషనులో లేనిచో, తెలుగు పరీక్షల ఫలితములు యాదృచ్ఛికములగును. మన భాషల దృష్టితో డాక్యుమెంటేషనును పరీక్షించుట భాషాశాఖలు చేయదగిన పని. ఇట్టి ప్రశ్నలు సాధన నిర్మాతలకు మఱొక దిక్కునుండి రావు.

8. గుణనిర్ణయ విధానము

పై విచారమునుండి ఒక విధానము ఏర్పడుచున్నది.

మొదటిది, డాక్యుమెంటేషనును మాత్రమే ఇచ్చి, పరీక్షార్థము ఏర్పఱచిన ప్రత్యేక ప్రాజెక్టులో ఏజెంటునకు పనులు నియమింపవలెను. నిజమైన నమోదులున్నచోట ఈ ప్రయోగము తగదు.

రెండవది, ఏజెంటు "పని ముగిసినది" అని చెప్పిన మాటను ఫలితముగా గ్రహింపరాదు. సాధనములో చివరకు నిలిచిన స్థితిని చూడవలెను: ఏ రన్నులో, ఏ బిల్డునకు, ఏ ఫలితము చేరినది?

మూడవది, అదే పనిని అనేక పర్యాయములు చేయించవలెను. ఏజెంటు ప్రతిసారి ఒకే దారిని పోదు. పదిమార్లలో ఏడుమార్లు సరియైనచో, మిగిలిన మూడుమార్లు ఏ వాక్యము దగ్గఱ దారి చీలినదో వెదకవలెను. సంశయమునకు తావిచ్చిన వాక్యము అచ్చటనే దొరకును.

నాలుగవది, పూర్వజ్ఞానమును వేఱుచేయవలెను. ప్రసిద్ధమైన సాధనమును గూర్చి ఏజెంటు ముందే అభ్యసించియుండును గనుక, పత్రము చెడ్డదైనను పని జరుగవచ్చును. దీనిని కనుగొనుటకు రెండుపాయములు. ఒక ప్రకరణమును తొలగించి చూచుట. ఫలితము మాఱనిచో పని జరిగినది ఆ ప్రకరణముచేత కాదు. లేదా ప్రయోగప్రతిలో ఆదేశముల పేర్లను, అంకెలను మార్చి, పత్రమును అందుకు తగినట్లు దిద్ది చూచుట. అప్పుడు స్మృతి పనికిరాదు, చదువుటయే శరణ్యము.

ఐదవది, చేయరాని పనులను కూడ నియమింపవలెను. సాధనమునకు శక్తి లేని పనిని, లేదా అవసరమైన సంఖ్య ఇయ్యని పనిని ఇచ్చినపుడు, ఆగి అడుగుటయే సరియైన సమాధానము. మంచి డాక్యుమెంటేషను ఆగవలసిన చోటును కూడ చెప్పును. దోషసందేశములు ఇందులో భాగము. "అభ్యర్థన చెల్లదు" అని ఊరకుండు సందేశము ఏజెంటును మఱొక ఊహకు పురికొల్పును. "టెస్టు సంఖ్య కావలెను, కేసు సంఖ్య ఇయ్యబడినది" అను సందేశము దానిని త్రోవకు తెచ్చును.

ఆఱవది, దొరకిన లోపములను సంఖ్యచే గాక, పర్యవసానముచే తూచవలెను. ఏజెంటు ఆగిపోవునట్లు చేయు లోపము కాలహరణము. తప్పు ఫలితమును నిశ్శబ్దముగా నమోదుచేయించు లోపము, లేదా మరల రాని తొలగింపునకు దారితీయు లోపము, ఒక్కటైనను మిగిలినవానికంటె గురుతరము.

9. రెండు పూర్వపక్షములు

"ఏజెంటులు దినదినము తెలివిమీఱుచున్నవి; పత్రములను దిద్దుట వృథా" అని ఒక ఆక్షేపము. తెలివి సంశయమును గుర్తించుటకు ఉపకరించును. లేని సమాచారమును సృష్టింపజాలదు. ఫెయిల్ అనగా 2 కాక 5 అగుట ఏ తర్కముచేతను సిద్ధింపదు. అది నిర్మాత చేసిన నిర్ణయము. నిర్ణయములు చెప్పబడవలెను.

"అన్నియు విడమరచి వ్రాసిన గ్రంథగౌరవము పెరుగును, ఏజెంటు ఒకమారు చదువగల పాఠ్యమునకు హద్దున్నది" అని మఱొక ఆక్షేపము. ఇందులో నిజము కలదు. అయితే విస్తరింపవలసినది గ్రంథమంతయు కాదు. సంజ్ఞ, విడిచిన అంశపు విలువ, అనుమతి, నాశకరత్వము అను నాలుగును ప్రతి ఆదేశము దగ్గఱను పునరుక్తములు కావలెను. అర్థవాదమును తొలగించినచో ఆ పునరుక్తికి కావలసిన చోటు చాలవఱకు లభించును. ఇట్టి పునరుక్తి శాస్త్రదోషము కాదు. ఖండములుగా చదువు పాఠకునకు అది ఉపకారము.

10. ఫలితము

పరీక్షా నిర్వహణ సాధనము యొక్క డాక్యుమెంటేషను పుటల సంఖ్యచేతను, శైలి సౌష్ఠవముచేతను మంచిది కాదు. నమోదు సత్యమగుటకు కావలసినదానిలో ఏదియు పాఠకుని ఊహకు విడువనిది మంచిది. ఊహ్యమును తగ్గించుట, స్వసంజ్ఞలను ప్రయోగస్థానముననే నిర్వచించుట, అనువృత్తిని విడుచుట, విధిని అర్థవాదమునుండి వేఱుచేయుట, భారతీయ లిపులను గూర్చి స్పష్టముగా చెప్పుట అను ఐదును దానికి లక్షణములు. ఇందులో ఏదియు మానవ పాఠకునకు హాని చేయదు. క్రొత్తగా ఉద్యోగమున చేరినవానికి, ఆంగ్లము రెండవ లేక మూడవ భాషయైనవానికి, ఈ లక్షణములు ఏజెంటునకు వలెనే ఉపకరించును.

ఏజెంటు నమోదుచేసిన ఫలితములపై సమ్మతి తెలుపునది ఇంకను మనుష్యుడే. ఇందిరాపురమునుండి నోయిడాకు పోవు పరీక్షకుడు వందల ఫలితములను మరల పరీక్షింపజాలడు. కొన్నిటిని మాత్రమే ఎన్నుకొని చూడగలడు. ఏవి చూడవలెనో తెలిసికొనుటకు అతనికి ఆధారము, ఆ సాధనము ఎచ్చటెచ్చట ఏజెంటును ఊహింపనిచ్చినది అను జాబితాయే. పైని చెప్పిన విధానముతో అట్టి జాబితాను ముందుగా సిద్ధపఱచి, మరల తేలేని ఆదేశములను, నిశ్శబ్దముగా విలువను గ్రహించు అంశములను దానిలో మొదట చేర్చుట తక్షణకర్తవ్యము.